పూజలో పెట్టిన తుపాకీ

“టీవీ ఎత్తుకెల్లి ఎక్కడ పెడతావు? నెత్తి మీదేటి?” అంది జగదాంబ.

పోలరాజు కేబుల్ తీగ కత్తిరించడం అప్పటికే అయింది. టీవీని పాత దుప్పట్లో చుట్టి, రెండు చేతులా ఎత్తి, గుమ్మం దాటించబోయి మధ్యలో ఇరుక్కున్నాడు. టాటానగర్‌లో ఈ అగ్రికో కాలనీ వరస క్వార్టర్ల గుమ్మాలు మనిషికి సరిపోతాయి గానీ, మనిషీ టీవీ కలిసి పట్టేంత వెడల్పు కాదు. ముందుకు పోలేక, వెనక్కి రాలేక చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

“బంగార్రాజు పాతసామాన్ల కొట్లో పడేత్తాను. ఈ దయ్యం ఇంట్లో ఉంటే నాను బతకను.”

“తుపాకీ తొమ్మిదేళ్లున్నాది ఇంట్లో. దాంతోటి బతికావు కదేటి.”

ఆ మాటకి అతని చేతులు జారాయి. టీవీ గడప మీద కూలబడింది. పగల్లేదు. పగిలి ఉంటే ఇద్దరికీ కాస్త నయంగా ఉండేది, ఏడవడానికి ఒక సాకు దొరికేది.

మహర్నవమి వెళ్లి ఐదు రోజులైంది. ఈ ఐదు రోజులూ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది, బిందెలు నిండుతున్నాయి, మాటలు మాత్రం ఇలాంటివే. కాసేపు అనుకుని అనుకుని ఎవరో ఒకరు అలిసిపోయి ఊరుకుంటారు. ఆ ఊరుకోవడమే ఇద్దరికీ విశ్రాంతి.

జరిగింది కాలనీలో అందరి నోళ్లలోనూ నలిగి పలచబడిపోయింది. నవమి సాయంత్రం దేవుడి అలమర ముందు పూజలో పెట్టిన తుపాకీని వీళ్ల కొడుకు మురళి, పదకొండేళ్లవాడు, చేతిలోకి తీసుకున్నాడు. అది పేలింది. ప్రసాదం కోసం వచ్చిన పక్కింటి తవిటయ్య కూతురు శ్రీదేవి ఎడమ పాదంలో సీసపు గుళ్లు దిగాయి. తొమ్మిదేళ్ల పిల్ల. రెండు వేళ్లు తీసేశారు. పాదం నిలుస్తుందో లేదో సోమవారం గానీ చెప్పలేమన్నారు డాక్టర్లు.

ఇక కారణమంటారా, అది మర్నాడే దొరికిపోయింది. ఊళ్లో హిందీ పేపరొకటి నాలుగో పేజీలో ‘టీవీ చూసి తుపాకీ పేల్చిన బాలుడు’ అని వేసింది. దాంతో అందరి మనసులూ కుదుటపడ్డాయి. వరసలో నాలుగిళ్లవాళ్లు కేబుల్ పీకించేశారు. ఆదివారం క్రికెట్ ఉందని గుర్తొచ్చి ముగ్గురు మళ్లీ తగిలించుకున్నారు కూడా.

“నాను గానీ అన్నానా? పేపరోళ్లు రాసినారు,” అన్నాడు పోలరాజు, గడప మీది టీవీ పక్కనే చతికిలబడుతూ. “పొద్దస్తమానం ఢాం ఢాం అంటా అదే గోల. కన్ను ఎలాగ మూయాలో, ఏలెక్కడెట్టాలో ఆడికి నాను నేర్పానేటి?”

“నువ్వేటీ నేర్పలేదు. ముట్టుకోవద్దని గూడా నేర్పలేదు.”

“పూజలో ఎట్టింది కదపకూడదని ఆడికి తెలవదా?”

“తెలుసు. ఆడి పుస్తకాలు పూజలో ఎట్టావని లెక్కలు మానేసినోడికి తెలవదేటి. పుస్తకం కదిపితే ఎవలి కాలూ పోదు.”

పోలరాజు తల దించుకున్నాడు. సాక్చీ బజార్లో ఒక నగల కొట్టు ముందు అతను గన్‌మేన్. ఆ ఉద్యోగాలకి మనిషి ఒడ్డూ పొడుగూ కాదు, సొంత లైసెన్సు తుపాకీ ఉందా లేదా అన్నదే చూస్తారు. తుపాకీ ఉంటే మనిషి, లేకపోతే లేదు. రెండు గొట్టాల ఆ తుపాకీ ఇప్పుడు స్టేషన్లో ఉంది.

పేపరుకి ఎక్కని సంగతి ఒకటుంది. అది ఈ ఇంట్లో పెద్దవాళ్లిద్దరికే తెలుసు.

పోలరాజు తండ్రి టాటానగర్ రైల్వే లైన్లో గేంగ్‌మేన్‌గా చేసేవాడు. నవమినాడు లాంతరులో కిరసనాయిలు నిండా పోసి మరీ పూజలో పెట్టేవాడు. పనిముట్టు ఖాళీగా ఉంటే ఏడాదంతా పని కూడా ఖాళీగానే ఉంటుందని ఆయన నమ్మకం. కొడుక్కి లాంతరు లేదు, తుపాకీ ఉంది. అందుకని తొమ్మిదేళ్లుగా ప్రతి నవమికీ రెండు గొట్టాల్లోనూ చెరో తూటా పెట్టి, పైన కుంకుమ బొట్లు పెట్టి, అక్షతలు చల్లుతున్నాడు. దశమి ఉదయం ఉద్వాసన చెప్పిందాకా దాన్ని కదపడు. ఎనిమిది దసరాలు ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడాన్ని అమ్మవారి దయ అనుకున్నాడు. అలా అనుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది గానీ, మన ఇళ్లలో ఇలాంటి దయలు ఎన్ని నడుస్తున్నాయో లెక్కెవరికి తెలుసు!

తూటాలు తానే పెట్టానని ఆసుపత్రి వరండాలో జగదాంబ చెయ్యి పట్టుకుని ఒకే ఒక్కసారి అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పదకొండున్నరకి నారాయణమూర్తి వచ్చాడు. గన్‌మేన్లని కొట్లకీ బ్యాంకులకీ పంపే ఏజెన్సీలో సూపర్‌వైజరు. కద్మాలో సొంత ఇల్లు. గడప మీది టీవీని ఒకసారి చూసి, పంచె కాస్త పైకెత్తి, దాన్ని దాటి లోపలికి వచ్చాడు. మంచివాడే. చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే జగదాంబ గుమ్మంలోంచే పంపించేసేది.

“పోలీస్ స్టేషన్ నుంచి జమేదారు నాలుగింటికి వస్తాడు. నేను మాట్లాడాను,” అన్నాడు మూర్తి టీ అందుకుంటూ. “తవిటయ్య పొరపాటున జరిగిందనే రాయించాడు. దేవుడిలాంటి మనిషి. ఇక మిగిలింది నీ స్టేట్‌మెంటూ, పిల్లాడి మాటా. ఒక్క పేజీ.”

“ఏటి చెప్పాల?” అన్నాడు పోలరాజు.

“తుపాకీ ఖాళీగా పూజలో పెట్టావు. తూటాలు పెట్టెలో ఉన్నాయి. పిల్లాడు టీవీలో చూశాడు, పెట్టె తీశాడు, నింపాడు. అంతే.”

పోలరాజు గడప మీది టీవీ వైపు చూశాడు.

“చూడు, అసలేం జరిగిందో నేనడగను. పిల్లాణ్ణి ఏ కోర్టూ ఏమీ చెయ్యదు. రెండు బుద్ధి మాటలు చెప్పి పంపేస్తారు. అదే నువ్వు నింపానన్నావనుకో, లైసెన్సు పోతుంది. లైసెన్సు పోయాక నేను నిన్ను పెట్టుకోలేను. పైగా నిన్ను లోపలేస్తే ఆ పిల్లాడికి అన్నం ఎవడు పెడతాడు? నీ కోసం కాదు, వాడి కోసమే ఆలోచించు.”

జగదాంబ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. “పెట్టెకి తాళముంటాది కదా, మూర్తిగారూ.”

“వెయ్యడం మర్చిపోయానంటాడమ్మా. అది చిన్న తప్పు.”

“చిన్న తప్పు ఈయనకీ, పెద్ద తప్పు గుంటడికీనా?”

మూర్తి కప్పులోకి చూశాడు. “పెద్ద తప్పు టీవీదమ్మా. ఊరంతా అదే అంటోంది కదా.”

 బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. మూర్తి టీ సగమే తాగి లేచాడు. పోతూ పోతూ పోలరాజు భుజం తట్టాడు.

మురళి వెనక వరండాలో, నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చుని ఉన్నాడు. ఐదు రోజులుగా అదే వాడి చోటు. వచ్చినవాళ్లందరూ “ఏ సినిమా చూశావురా?” అని అడుగుతున్నారు. మొదటిరోజు తెలీదన్నాడు. రెండోరోజు తలూపాడు. మూడోరోజుకి ఎవరు ఏ సినిమా పేరు చెబితే దానికల్లా “హాఁ, వహీ” అని ఒప్పేసుకుంటున్నాడు.

జగదాంబ వచ్చి పక్కన కూర్చుంది. ఇన్ని రోజుల్లో కొడుకుని ఒక మాట అడగాలని ఆమెకి తోచలేదు. తిట్టింది, కొట్టింది, పట్టుకుని ఏడ్చింది. అడగడం మాత్రం ఇదే మొదలు.

“మురళీ, ఎందుకు తీసావురా అది?”

“శ్రీదేవీ దేఖ్నా చాహ్తీ థీ,” అన్నాడు. వాడు తెలుగు అర్థం చేసుకుంటాడు, జవాబు హిందీలో ఇస్తాడు. ఆ వరసలో పిల్లలందరూ అంతే. శ్రీదేవి చూస్తానంది, అందుకని తీశాడు.

“పేలుతాదని తెలవదా?”

“ఖాలీ థా నా. పాపా బోలే థే, ఘర్ మే ఖాలీ రహ్తా హై.”

“ఇంట్లో ఖాళీగానే ఉంటాదని పాపా చెప్పాడా? ఎప్పుడు?”

“హమేషా.”

ఎప్పుడూ అదే చెప్పేవాడు. జగదాంబకి కూడా అదే చెప్పేవాడు. పెళ్లాం భయపడుతుందని, ఇరుగుపొరుగు అడుగుతారని, ఖాళీదే ఖాళీదే అని తొమ్మిదేళ్లు చెప్పాడు. పిల్లాడు నాన్న మాట నమ్మాడు. నమ్మకూడదని వాడికి ఎవరు చెప్పాలి?

“మరి కాలికి ఎందుకెట్టావురా?”

మురళి గోడ మీది సున్నం గోరుతో గీకాడు. తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పాడు. హ్యాండ్సప్ అన్నాడట. శ్రీదేవి నవ్వుతూ రెండు చేతులూ పైకెత్తిందట, ఒక చేతిలో శనగలు ఉన్నాయట. టీవీలో మంచి పోలీసు ఎప్పుడూ కాలికే కొడతాడు, కాలికి కొడితే మనిషి చావడు. అందుకని గొట్టం కిందికి దించాడట.

జగదాంబకి, గొట్టం కాలి వైపు తిరక్కపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికి కూడా భయం వేసింది. ఇప్పుడా టీవీకి శాపం పెట్టాలో దణ్ణం పెట్టాలో ఆమెకి తెలియలేదు.

తలుపు దగ్గర అలికిడైంది. పోలరాజు నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

“చూసావా?” అన్నాడు. “టీవీయే కదా. ఆడి నోటితో ఆడే చెప్పినాడు.”

“గురి టీవీది. తూటా నీది,” అంది జగదాంబ.

 ఆమె లేచి లోపలికి వెళ్లింది. తవిటయ్యకీ, ఆసుపత్రిలో పిల్ల దగ్గర కూర్చున్న తవిటయ్య పెళ్లానికీ రెండు పూటలా అన్నం ఈ ఇంటి నుంచే వెళుతోంది. పప్పు తాలింపు వేస్తూ రెండుసార్లు చెయ్యి కాల్చుకుంది.

మూడు గంటలకి పోలరాజు కొడుకుని గదిలోకి పిలిచాడు. మూల ఉన్న పాత గొడుగు తీసి వాడి చేతికిచ్చాడు.

“ఇది తుపాకీ అనుకో. ఇక్కడ మీట ఉంటాది. బొటనేలితో పక్కకి తొయ్యాల. తోసేవా? ఇప్పుడు గొట్టం కిందికి ఒంగుతాది. గొట్టాల మొదలు దగ్గర రెండు కన్నాలు కనిపిత్తాయి. అందులో తూటాలెట్టాల. ఇత్తడి కొస మన వేపుకుండాల.”

మురళి గొడుగుని వంచినట్టు నటించాడు.

“ఎన్ని?”

“దో.”

“ఎక్కడ తీసేవు?”

“పేటీ సే.”

“ఎలాగ తెలిసినాది?”

“టీవీ మే దేఖా.”

“సరే. మళ్లీ చెప్పు.”

మురళి మళ్లీ చెప్పాడు. మూడోసారికి వాడి వేళ్లు తడబడటం మానేశాయి. ఐదు రోజుల తర్వాత తండ్రి తనతో మామూలుగా మాట్లాడుతున్నాడు, భుజం మీద చెయ్యి వేస్తున్నాడు, సరిగ్గా చెబితే తలూపుతున్నాడు. పిల్లాడి మొహంలో కాస్త వెలుగు కూడా వచ్చింది. తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా కూర్చోబెట్టి చెప్పని తుపాకీ పాఠం, ఇవాళ అబద్ధం కోసం ఇంత ఓపిగ్గా చెబుతున్నాడు.

“జమేదారేటడిగినా, మూర్తిగారేటడిగినా, ఎవలేటడిగినా నానే చేసేనను. తెలుసునను. బయపడకు. నిన్నెవలూ ఏటీ చెయ్యరు.”

“ఔర్ ఆప్‌కో?” అన్నాడు మురళి. మరి నిన్ను?

పోలరాజు గొడుగు అందుకుని మూలన పెట్టేశాడు.

జగదాంబ ఇదంతా వంటింట్లోంచి వింటూనే ఉంది. ఆపలేదు. ఆపి ఉండాల్సిందని మీరూ నేనూ తేలిగ్గా అనగలం. భర్త లాకప్పులో ఉన్నట్టూ, తాళం పడ్డ క్వార్టరు ముందు కొడుకుతో తాను నిలబడ్డట్టూ రెండు రోజులుగా ఆమెకి కళ్లు మూస్తే అదే కనిపిస్తోంది. పిల్లాణ్ణి ఎవరూ ఏమీ చెయ్యరన్న మాటని ఆమె కూడా గట్టిగా పట్టుకుంది. అలిసిపోయిన మనిషికి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

జమేదారు నాలుగుంబావుకి వచ్చాడు. ముసలాయన, మోకాళ్ల నొప్పులు. టీవీని దాటలేక విసుక్కుంటే పోలరాజు దాన్ని పక్కకి జరిపాడు. జమేదారు కుర్చీలో కూలబడి సంచిలోంచి కాగితం తీశాడు. దాని మీద బీహార్ అని అచ్చయిన చోట గీత కొట్టి పెన్నుతో జార్ఖండ్ అని రాసి ఉంది. కొత్త రాష్ట్రం వచ్చి రెండేళ్లయినా పాత కాగితాలు అయిపోలేదు.

“పిల్లాణ్ణి పిలవండి,” అన్నాడు హిందీలో.

మురళి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జమేదారు మెత్తగానే అడిగాడు. మురళి తడుముకోకుండా చెప్పాడు. పెట్టె, మీట, రెండు కన్నాలు, ఇత్తడి కొస. ఎక్కడ నేర్చుకున్నావంటే టీవీ అన్నాడు. జమేదారు రాస్తూ రాస్తూ నిట్టూర్చాడు.

“మా మనవడూ అంతే. అన్నం తినాలంటే ఆ పెట్టె పెట్టాల్సిందే. కాలం పాడైపోయింది.”

“అవును సార్,” అన్నాడు పోలరాజు.

“తాళం వెయ్యలేదా పెట్టెకి?”

“మర్చిపోయాను సార్.”

“వెయ్యాలయ్యా. ఇంట్లో పిల్లలున్నప్పుడు వెయ్యాలి.” అదీ రాశాడు. “సరే, చదువుతాను, విని సంతకం పెట్టు.”

ఆయన కళ్లజోడు సవరించుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. బాలుడు టీవీలో చూసినదాన్ని బట్టి, తండ్రి ఇంట్లో లేని సమయంలో, పెట్టెలోని రెండు తూటాలు తీసి, తన చేతులతో తుపాకీలో నింపి, ఎదురుగా నిలబడిన శ్రీదేవి అనే బాలిక కాలికి గురిపెట్టి పేల్చినట్టు...

గుమ్మంలో తవిటయ్య నిలబడి ఉన్నాడు.

ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. సాయంత్రం అన్నం కేరియరు కోసం రోజూ వచ్చే వేళే అది. ఐదు రోజుల గడ్డం, నలిగిన చొక్కా. కాంట్రాక్టు పనికి నాగా పెట్టి పిల్ల మంచం పక్కనే ఉంటున్నాడు.

“బావా,” అని లేవబోయాడు పోలరాజు.

తవిటయ్య అతని వైపు చూడలేదు. లోపలికి వచ్చి మురళి ముందు గొంతుక్కూర్చున్నాడు. వాడి మొహం తన మొహానికి సూటిగా వచ్చేలా కూర్చున్నాడు.

“మురళీ, ఇలా సూడు. అందులో తూటాలు నువ్వే ఎట్టావేటి?”

మురళి తలూపాడు.

“మరయితే అది కాళీగా లేదని నీకు తెలుసు.”

ఈ ప్రశ్న మూర్తికి తట్టలేదు. పోలరాజుకి తట్టలేదు. రాసిన జమేదారుకి కూడా తట్టలేదు. తూటా నింపినవాడికి తూటా ఉందని తెలియకుండా ఉండదు. తెలిసినవాడు గురిపెడితే దాన్ని ఆటనీ, పొరపాటనీ ఎవరూ అనరు. తట్టింది ఆ పిల్ల తండ్రికొక్కడికే.



మురళి తండ్రి వైపు చూశాడు. నేర్పిన మాట గుర్తు తెచ్చుకున్నాడు. పెద్దమనిషి తెలుగులో అడుగుతున్నాడు గనక, ఎన్నడూ లేంది, తెలుగులోనే చెప్పాడు.

“తెలుసు, మావయ్యా.”

 తవిటయ్య మోకాళ్ల మీద చేతులాన్చి మెల్లగా లేచాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండునని జగదాంబకి అనిపించింది.

“నిన్న మా గుంట అడిగినాది, మురళి ఎందుకు రాలేదని,” అన్నాడు, ఈసారి పోలరాజుతో. “బయపడిపోతన్నాడమ్మా, తెలవక జరిగిపోనాది కదా, రేపు తీసుకొత్తానని చెప్పేను. ఇప్పుడెల్లి ఏటి చెప్పమంటావు, బావా? తెలిసే పేల్చేడని చెప్పమంటావా?”

పోలరాజు కాగితం వైపు చూశాడు. 

జమేదారుకి తెలుగు రాదు. ఏదో ఇంటి గొడవ అనుకున్నాడు. పెన్ను తిప్పి పోలరాజు చేతిలో పెట్టి, కాగితం అడుగున సంతకం చోటు వేలితో చూపించాడు. “తొందరగా కానివ్వు. నాకింకా రెండిళ్లున్నాయి.”

పెన్ను పోలరాజు వేళ్ల మధ్య ఉంది. తవిటయ్య గుమ్మం వైపు తిరిగాడు. కేరియరు అడగలేదు.

జగదాంబ వంటింట్లోంచి కేరియరు పట్టుకుని వచ్చింది. దాన్ని తవిటయ్య చేతికివ్వలేదు. అతనికి అడ్డంగా గుమ్మంలో నిలబడి, భర్త వైపు చూసింది.

“తూటాలెవలెట్టారో చెప్పు,” అంది. “ఆళ్లకి ఆసుపత్రికి టైమైపోతన్నాది. చెప్పు.”